నేరము ఒప్పుకొన్నచో శిక్ష తగ్గునా?

గ్రామములో ఎవరిమీదనైనను క్రిమినలు కేసు నమోదైనపుడు, ఆ ఇంటివారు వకీలు వద్దకు పోవుటకు ముందే పంచాయతీ సభ్యుని ఇంటికి వచ్చుట మనకు తెలిసిన సంగతియే. "మావాడు చేసింది నిజమేనండీ. ఒప్పేసుకుంటే తక్కువ శిక్షతో పోతుందంటున్నారు. ఒప్పుకోమంటారా?" అని వారు అడుగుదురు. అడుగబడిన పెద్దమనిషి తనకు తోచిన సలహా చెప్పును. ఆ సలహావలన ఒక మనిషి జైలుకు పోవచ్చును, పోకుండ తప్పించుకొనవచ్చును. జైలుకు పోకపోయినను, చేయుచున్న ఉద్యోగమును, ఎన్నికలలో నిలుచు అర్హతను పోగొట్టుకొనవచ్చును. కనుక ఈ విషయమై చట్టము ఏమి చెప్పుచున్నదో సభ్యులు కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

నేరమును ఒప్పుకొని తక్కువ శిక్ష పొందుటకు మన దేశములో 2006 జూలై 5వ తేదీ నుండి చట్టసమ్మతమైన మార్గమొకటి యున్నది. దానిని కోర్టులలో "ప్లీ బార్గెయినింగ్" అని వ్యవహరింతురు. నేరాంగీకార బేరమని తెలుగున కొందరు వ్రాయుచున్నారు గాని, బేరమనిన మనకు సంత జ్ఞప్తికి వచ్చునే గాని న్యాయస్థానము జ్ఞప్తికి రాదు. కావున వాడుకలోనున్న మాటనే ఇచటను వాడుచున్నాము. పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడులో 21-ఏ అధ్యాయముగా నుండిన ఈ విధానము, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 289 మొదలు 300 వరకు గల సెక్షన్లలో పొందుపరుపబడినది.

రాజీ వేరు, ఒప్పుకోలు వేరు

ప్రజలు తరచుగా పొరబడునది ఈ విషయముననే. కోర్టులో రాజీపడుట యనగా, బాధితుడు తన ఫిర్యాదును విడుచుకొనుట. చట్టము దీనిని అన్ని నేరములకును అనుమతింపదు. చిన్నపాటి కొట్లాట, పొలములో అక్రమముగా ప్రవేశించుట, అవమానకరముగా మాటలాడుట వంటి కొన్ని నేరములకు మాత్రమే, సంహితలోని 359వ సెక్షనులోని పట్టికను అనుసరించి, రాజీ చెల్లును. కొన్నిటికి కోర్టువారి అనుమతియు కావలయును. లోక్ అదాలత్‌లలో పరిష్కారమగు క్రిమినలు కేసులు ఈ తరగతికి చెందినవే. రాజీ కుదిరినచో ముద్దాయి నిర్దోషిగా విడుదలయైనట్లే లెక్క. అతని పేరుమీద ఏ మచ్చయు మిగులదు.

ప్లీ బార్గెయినింగ్ అట్టిది కాదు. ఇందులో ముద్దాయి దోషిగా నిర్ణయింపబడును. శిక్ష మాత్రమే తగ్గును. దోషి యను ముద్ర ఉద్యోగపు కాగితములపైనను, పాస్‌పోర్టు విచారణలోను, ఎన్నికల నామినేషను నాడును ఎదురగుచుండును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము నైతికపతనముతో కూడిన నేరమునకు గాని, పౌరహక్కుల పరిరక్షణ చట్టము క్రింది నేరమునకు గాని శిక్షపడినవారు ఐదేండ్లపాటు పంచాయతీ ఎన్నికలకు అనర్హులు. జైలుశిక్ష పడినయెడల, ఆ శిక్ష ముగిసిన నాటినుండి ఐదేండ్లు లెక్కింపబడును. "కేసు పోయింది, జరిమానా కట్టేశాను" అని చెప్పు మనిషి నిజమునకు రాజీపడినాడా, దోషిగా తేలినాడా అనునది కోర్టు తీర్పు నకలు చూచిన గాని తెలియదు.

ఇక మూడవ పద్ధతి: ఏ ఒప్పందమును లేకయే జడ్జి అడిగినపుడు "తప్పు చేసితిని" అని చెప్పివేయుట. ఇందులో శిక్ష ఇంతే యుండునని ఎవరును మాట ఇచ్చియుండరు. భయముచేతనో, కోర్టు వాయిదాలకు విసిగియో, ఎవరో చెప్పినారనియో అట్లు ఒప్పుకొన్నవారు తరువాత పశ్చాత్తాపపడుట కలదు. మన గ్రామస్థులు ఎక్కువగా చిక్కుకొనునది ఈ మూడవ పద్ధతిలోనే.

దరఖాస్తు పెట్టుట ఎట్లు?

ఏడేండ్లకు మించిన జైలుశిక్షకు గాని, యావజ్జీవ శిక్షకు గాని, మరణశిక్షకు గాని గురికాదగిన నేరములకు ప్లీ బార్గెయినింగ్ వర్తింపదు. స్త్రీలపై జరిగిన నేరములకును, పిల్లలపై జరిగిన నేరములకును వర్తింపదు. దేశపు సాంఘికార్థిక పరిస్థితులకు భంగము కలిగించు నేరములను కేంద్రప్రభుత్వము వేరుగా ప్రకటించును. 2006 జూలైలో ప్రకటించిన జాబితాలో వరకట్న నిషేధ చట్టము, షెడ్యూల్డు కులములు తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము, పౌరహక్కుల పరిరక్షణ చట్టము, గృహహింస చట్టము మున్నగునవి చేరియున్నవి. హరిజనవాడపై దాడి జరిగిన కేసులో "ఒప్పుకొని తక్కువలో తేల్చుకొందము" అని ఎవరైనను చెప్పినచో, అట్టి వెసులుబాటు చట్టములో లేదని సభ్యులు నిస్సంకోచముగా చెప్పవచ్చును.

దరఖాస్తు పెట్టవలసినవాడు ముద్దాయి. ప్రభుత్వము గాని, పోలీసులు గాని, బాధితుడు గాని ముందుగా అడుగుటకు వీలులేదు. చార్జి నిర్ణయించిన నాటినుండి 30 దినములలో, విచారణ జరుగుచున్న కోర్టులోనే దరఖాస్తు దాఖలు చేయవలయును. దానితోపాటు అఫిడవిట్ ఒకటి యుండవలయును. తనకు పడగల శిక్ష యెంతయో తెలిసికొనియే, ఎవరి ఒత్తిడియు లేకుండ ఈ కోరిక కోరుచున్నాననియు, ఇదే నేరమునకు పూర్వము శిక్షపడియుండలేదనియు అందులో ప్రమాణము చేయవలయును.

అటుపిమ్మట జడ్జి ముద్దాయిని ఒంటరిగా పిలిచి విచారించును. ఆ సమయమున పోలీసులు గాని, బాధితుని పక్షమువారు గాని ఆ గదిలో ఉండరాదు. అతడు నిజముగనే తన ఇష్టముచేత వచ్చినాడా, మరెవరైనను తెచ్చినారా యని తేల్చుకొనుటకే ఈ ఏర్పాటు. మొత్తము విధానములో అత్యంత ముఖ్యమైన ఘట్టమిదేనని మా అభిప్రాయము. ఊరి పెద్దకు భయపడి వచ్చిన పాలేరు ఆ గదిలో నోరు విప్పినచో దరఖాస్తు అంతటితో కొట్టివేయబడి, కేసు మామూలు దారిన నడచును.

దరఖాస్తు నిజమైనదని తేలినచో పబ్లిక్ ప్రాసిక్యూటరు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారి, ముద్దాయి, బాధితుడు కలిసికూర్చుండి ఒక అంగీకారమునకు వచ్చుటకు కోర్టు 60 దినములకు మించని గడువు ఇచ్చును. ముద్దాయి తన వకీలును వెంట తెచ్చుకొనవచ్చును. బాధితునకు ఎంత పరిహారము, ఎంత ఖర్చు ఇవ్వవలెనో అచ్చట నిర్ణయమగును. కుదిరినచో నివేదిక వ్రాసి అందరును, జడ్జితో సహా, సంతకములు చేయుదురు. కుదరనిచో కేసు ఆగిన చోటినుండి మరల మొదలగును. ఈ సందర్భమున ముద్దాయి చెప్పిన మాటలను మరే పనికిని వాడరాదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

శిక్ష యెంత తగ్గునో లెక్క చూతము. ఆ నేరమునకు కనీస శిక్ష నిర్ణయింపబడియున్నచో అందులో సగము. మొదటిసారి నేరము చేసినవానికి నాలుగవ వంతు. కనీస శిక్ష లేనిచో, విధింపదగిన గరిష్ఠ శిక్షలో నాలుగవ వంతు. మొదటిసారివానికి ఆరవ వంతు. మొదటి నేరస్థునకు ఈ అదనపు తగ్గింపు 2024లో వచ్చిన కొత్త చట్టములోనిదే. విచారణకాలమున జైలులో గడపిన దినములు శిక్షలో తగ్గింపబడును. ఇట్లు వెలువడిన తీర్పుపై మామూలు అప్పీలు లేదు. రాజ్యాంగము క్రింద హైకోర్టునో, సుప్రీంకోర్టునో ఆశ్రయించుట యొక్కటే మిగులును. ఈ సంగతి సంతకము చేయుటకు ముందే ముద్దాయికి తెలియవలయును.

ఒక ఉదాహరణ

వరికోతల రోజులలో ఒక రైతు రాత్రివేళ ట్రాక్టరును రోడ్డుపై నిలిపి ఇంటికి పోయినాడనుకొందము. ట్రాలీకి వెనుక దీపము లేదు. మోటారుసైకిలుపై వచ్చుచున్న పొరుగూరి మనిషి దానికి తగిలి మరణించినాడు. నిర్లక్ష్యముచే ప్రాణహాని కలిగించుటకు పాత పీనల్ కోడులో రెండేండ్లవరకు శిక్ష యుండెడిది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో దానిని ఐదేండ్లకు పెంచినారు. ఇది రాజీపడదగిన నేరము కాదు. పెద్దమనుషులు రచ్చబండవద్ద కూర్చుండి, మృతుని భార్యకు కొంత సొమ్మిప్పించి, తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొన్నంతమాత్రమున కేసు మూతపడదు. ఆ కాగితమునకు కోర్టులో విలువ లేదు.

అదే రైతు ప్లీ బార్గెయినింగ్‌కు దరఖాస్తు పెట్టినచో ఐదేండ్లకు, అనగా 60 నెలలకు, నాలుగవ వంతు 15 నెలలు. మొదటిసారి నేరమైనచో ఆరవ వంతు 10 నెలలు. మృతుని భార్య ఆ సమావేశములో స్వయముగా కూర్చుండి తన కష్టమును, పిల్లల చదువును, అప్పులను చెప్పుకొనవచ్చును. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో ఆమె వేసికొనవలసిన పరిహారపు దరఖాస్తు దీనికి పూర్తిగా వేరైనది. ఒకటి ముగిసినదని రెండవదానిని విడుచుకొనరాదు.

జైలుకు బదులు సత్ప్రవర్తన బాండుపై విడుదల చేయుటకును ఈ విధానములో జడ్జికి అధికారమున్నది. అయితే, నిర్లక్ష్యముగా వాహనము నడిపి ప్రాణము తీసినవారిపట్ల అట్టి ఉదారత చూపరాదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరములో హెచ్చరించియున్నది. కనుక మన రైతు జైలు తప్పునని ముందే ఆశపడుటకు వీలులేదు.

అమెరికా అనుభవము

ఈ పద్ధతి అమెరికాలో నుండి వచ్చినది. అచ్చట ఇది కోర్టులను ఎంతగా ఆక్రమించినదనగా, ఫెడరల్ కోర్టులలో దోషులుగా తేలినవారిలో నూటికి 97 మంది, రాష్ట్ర కోర్టులలో నూటికి 94 మంది విచారణ జరుగకుండ తామే ఒప్పుకొన్నవారని ఆ దేశపు సుప్రీంకోర్టు 2012లో పేర్కొన్నది. జూరీయెదుట విచారణ పొందు హక్కు వారి రాజ్యాంగములో వ్రాయబడియున్నది. ఆ హక్కును వాడుకొనువారు మాత్రము నూటికి ఐదుగురైనను లేరు.

ఎందుచేత? కెంటకీ రాష్ట్రపు కేసు ఒకటి చెప్పిన చాలును. ఒక మనిషి 88 డాలర్ల 30 సెంట్ల దొంగచెక్కు ఇచ్చినాడు. దానికి రెండు నుండి పదేండ్ల వరకు శిక్ష. "ఒప్పుకొనుము, ఐదేండ్లతో సరిపెట్టెదను, ఒప్పుకొననిచో పాత నేరములు కూడ కలిపి యావజ్జీవశిక్ష పడు సెక్షను పెట్టెదను" అని ప్రాసిక్యూటరు చెప్పినాడు. ముద్దాయి ఒప్పుకొనలేదు. జూరీ దోషియన్నది, యావజ్జీవశిక్ష పడినది. 1978లో సుప్రీంకోర్టు, ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలువగా, అందు తప్పులేదని తీర్పు చెప్పెను.

ఆ యేటనే జాన్ లాంగ్‌బైన్ అను న్యాయశాస్త్ర పండితుడు ఒక వ్యాసము వ్రాసి పెద్ద చర్చ లేవదీసెను. మధ్యయుగపు ఐరోపాలో ఘోరనేరమును రుజువు చేయుటకు ఇద్దరు ప్రత్యక్షసాక్షులు గాని, ముద్దాయి ఒప్పుకోలు గాని ఉండవలెనని నియమము. సాక్షులు దొరకుట దుర్లభము. అందుచేత ఒప్పుకోలు రాబట్టుటకు చిత్రహింస ఆచారములోనికి వచ్చెను. అట్లే అమెరికాలో విచారణ పద్ధతి అతిదీర్ఘమై, ఖర్చుతో కూడినదై, అన్ని కేసులకును జరుపుట అసాధ్యమైనది. అందుచేత ఒప్పుకోలును రాబట్టుటకు అధికశిక్ష యను భయమును చూపుచున్నారని ఆయన వాదించెను. ఈ పోలికను అంగీకరింపనివారు పలువురున్నారు. ఏమైనను, నిరపరాధి సైతము భయపడి ఒప్పుకొనునట్లు చేయగల శక్తి ఈ పద్ధతిలో నున్నదను విషయమును వారును కాదనలేకపోయిరి.

మన సుప్రీంకోర్టు కూడ చాలకాలము దీనిని అనుమానముతోనే చూచెను. గుజరాతునుండి వచ్చిన ఆహారకల్తీ కేసులో, ముద్దాయి బేరము కుదుర్చుకొని నేరము ఒప్పుకొని స్వల్పశిక్షతో బయటపడగా, హైకోర్టు ఆ శిక్షను పెంచెను. 1980లో సుప్రీంకోర్టు, మాట ఇచ్చి ఒప్పించి తరువాత శిక్ష పెంచుట అన్యాయమని, ఆ ఒప్పుకోలునే కొట్టివేసి కేసును తిరిగి విచారింపుమనెను. పేదవాడు విచారణ కష్టములకు తాళలేక చేయని నేరము ఒప్పుకొనుననియు, అసలు దోషి స్వల్పముతో తప్పించుకొనుననియు ఆ తీర్పులో భయము వెల్లడింపబడినది. లా కమిషను 1991లో 142వ నివేదికను, 1996లో 154వ నివేదికను సమర్పించి, జైళ్లలో విచారణకై సంవత్సరములతరబడి మ్రగ్గుచున్నవారిని చూపి, జాగ్రత్తలతో ఈ విధానమును ప్రవేశపెట్టవచ్చునని సూచించెను. జడ్జి ఒంటరిగా విచారించు నియమము, బాధితునకు సమావేశములో చోటు, పెద్ద నేరములకు మినహాయింపు ఇవన్నియు ఆ జాగ్రత్తల ఫలితములే. అమెరికాలో బాధితునకు ఇంతటి స్థానము లేదు. ఈ విషయములో మన చట్టమే మేలైనదని చెప్పవచ్చును.

ఇంత చేసినను మన దేశములో ఈ దారిన తేలు కేసులు నూటికి ఒకటైనను లేవు. రాజీకి వీలున్నవి లోక్ అదాలత్‌కు పోవుచున్నవి. మిగిలినవానిలో, సాక్షులు నిలువక కేసు కొట్టివేయబడునేమో యను ఆశతో ముద్దాయిలు వాయిదాలకు తిరుగుచునే యుందురు. ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనన్న సామెత మనవారు ఊరక పుట్టించినది కాదు. 1979లో మాల్కమ్ ఫీలీ అను అమెరికను పండితుడు ఒక చిన్నకోర్టును పరిశీలించి, చిన్న నేరములలో తుదకు పడు శిక్షకంటె కోర్టుచుట్టు తిరుగుటయే పెద్దశిక్షయని గ్రంథము వ్రాసినపుడు, మన సామెత ఆయనకు తెలియదు.

జూరీ సంగతి

నేరము చేసినాడా లేదా యని నిర్ణయించుటకు చదువుకొన్న జడ్జియొక్కడే యేల, ఊరివారు పదిమంది కూర్చుండి తేల్చరాదా యని సభ్యులకు సందేహము కలుగవచ్చును. ఇంగ్లాండులోను, అమెరికాలోను ఉన్న జూరీ పద్ధతి ఇట్టిదే. మన దేశములోను ఇది చాలకాలముండెను. 1665లో చెన్నపట్టణపు కోటలో ఒక ఆంగ్లస్త్రీ తన బానిసపిల్లను చంపినదను అభియోగముపై పన్నెండుగురు జూరర్లయెదుట విచారింపబడి విడుదలయైనది. ఈ దేశమున జరిగిన మొదటి జూరీ విచారణగా దీనిని చరిత్రకారులు పేర్కొందురు. కొన్ని జిల్లాలలో జూరీయును, లేనిచోట సలహా మాత్రము చెప్పు అసెసర్లును సెషన్సు కోర్టులలో కూర్చుండెడివారు. అసెసర్ల పద్ధతి 1955లో తీసివేయబడెను.

జూరీ యనగానే అందరును 1959 నాటి నానావతి కేసును తలంతురు. నౌకాదళపు కమాండరు కె. ఎం. నానావతి తన భార్యతో సంబంధము పెట్టుకొన్న వ్యక్తిని బొంబాయిలో తుపాకితో కాల్చినాడు. తొమ్మండుగురు జూరర్లలో ఎనమండుగురు అతడు నిర్దోషియనిరి. సెషన్సు జడ్జి ఆ నిర్ణయముతో ఏకీభవింపక కేసును హైకోర్టునకు పంపెను. హైకోర్టు యావజ్జీవశిక్ష విధించెను. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. ఆ తీర్పును వ్రాసినది మన రాజమహేంద్రవర ప్రాంతమువారైన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. 1964లో నానావతికి క్షమాభిక్ష లభించెను.

ఈ కేసుతోనే జూరీ పోయినదని అనేకులు చెప్పుదురు. అది సరికాదు. 1958లోనే, కాల్పులకు ముందే, లా కమిషను తన 14వ నివేదికలో జూరీని రద్దుచేయ సిఫారసు చేసెను. కొన్ని ప్రాంతములలో అది మరికొన్ని యేండ్లు కొనసాగి, 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు అమలులోనికి రాగా అంతరించెను. పార్సీల వివాహవిషయక కోర్టులలో మాత్రము ప్రతినిధులు కూర్చుండు ఆచారము నేటికిని కలదు.

జూరర్లు జడ్జిలకంటె ఎక్కువ పొరబాట్లు చేయుదురా? షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన కాల్వెన్, జైసెల్ అను పండితులు 3,576 విచారణలను గూర్చి జడ్జిలను అడిగి, 1966లో ఒక గ్రంథము ప్రకటించిరి. నాలుగింట మూడు కేసులలో జడ్జియు జూరీయు ఒకే అభిప్రాయమునకు వచ్చిరి. భేదించినచోట జూరీయే ముద్దాయిపట్ల ఎక్కువ కనికరము చూపెను. ఈ ఫలితమును చూచినపుడు జూరీని తేలికగా తీసివేయరాదనిపించును. కాని మన గ్రామములలో కులమును, పార్టీని, బంధుత్వమును ఇంటివద్ద విడిచి పన్నెండుగురు కూర్చుండగలరా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలసియున్నది. పంచాయతీ ఎన్నికల మరునాడు ఆ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకును.

శిక్ష యెంత?

దోషియని తేలినపిదప శిక్ష యెంత యనునది వేరు ప్రశ్న. మన చట్టము చాలవరకు పైహద్దును మాత్రమే చెప్పి, మిగిలినది జడ్జికి విడిచినది. అమెరికాలో 1987 నుండి ఫెడరల్ కోర్టులకు లెక్కలపట్టికవంటి మార్గదర్శక సూత్రములు విధించిరి. 2005లో అవి సలహారూపమైనవేగాని తప్పనిసరి కావని వారి సుప్రీంకోర్టు నిర్ణయించెను. మన దేశములో అట్టి పట్టిక లేదు. 2003లో మలిమత్ కమిటీ కావలెనన్నది గాని, అది ఆచరణలోనికి రాలేదు. అందుచేత ఒకే నేరమునకు ఇద్దరు జడ్జిలు వేర్వేరు శిక్షలు వేయుట కద్దు.

దోషిగా తేల్చిన తరువాత శిక్షవిషయమై ముద్దాయిని వేరుగా వినవలెనని 1973 కోడులో నియమము వచ్చెను. ఇది మొక్కుబడి తంతు కాదని 1976లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పెను. 1974లోనే ఆంధ్రదేశమునుండి వెళ్లిన ఒక గ్రామీణస్త్రీ కేసులో, ఆమె చిన్నవయస్సును, అత్తవారింట వెళ్లగొట్టబడి బిడ్డతో ఉన్న స్థితిని గమనించి, మరణశిక్షను యావజ్జీవశిక్షగా మార్చిరి. మనిషి చేసిన పనితోపాటు ఆ మనిషి పరిస్థితులును లెక్కలోనికి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఆ పరిస్థితులు కోర్టునకు తెలియవలెనన్నచో ఎవరో ఒకరు చెప్పవలయును. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము క్రింద ప్రొబేషను అధికారి గ్రామమునకు వచ్చి, నేరస్థుని కుటుంబమును, నడవడిని గూర్చి విచారించి కోర్టునకు నివేదిక పంపును. ఇరువదియొక్క యేండ్లు నిండనివానిని జైలుకు పంపదలచినచో జడ్జి కారణములు వ్రాయవలయును. ఈ చట్టము క్రింద మందలింపుతోనో, బాండుపైననో విడుదలయైనవానికి, దోషిత్వము వలన సామాన్యముగా కలుగు అనర్హతలు కలుగవని 12వ సెక్షను చెప్పుచున్నది. చిన్నవయస్సులో తప్పుచేసిన కుర్రవానికి జీవితములో ఇంతకంటె పెద్ద మేలు మరొకటి లేదు. అధికారి అడిగినపుడు సభ్యులు తెలిసిన నిజమును చెప్పవలయును. స్నేహముకొలది అబద్ధపు సత్ప్రవర్తన పత్రము ఇచ్చుట, కక్షకొలది లేని చెడుతనము చెప్పుట రెండును ఆ కుర్రవానికే గాక, రేపు నిజము చెప్పబోవు సభ్యునకును కీడు చేయును.

కొత్త న్యాయ సంహితలో సమాజసేవ యను శిక్షయు చేర్చినారు. మొదటిసారి దోషిగా తేలినవాడు ఐదువేల రూపాయలకు తక్కువ విలువగల సొత్తు దొంగిలించి, దానిని తిరిగి ఇచ్చివేసినచో, అతనికి విధింపవలసినది సమాజసేవయే. కూలి లేకుండ సమాజమునకు ఉపయోగపడు పని చేయుట ఇందలి ఉద్దేశము. ఆ పని ఏదియో నిర్ణయించువారు కోర్టువారే. పంచాయతీవారు దొంగను పట్టి చెరువుమట్టి మోయించుట సమాజసేవ కాదు.

పంచాయతీ హద్దు

తగవు తీర్చుట మనవారికి తరతరాలుగా అలవాటైనది. గట్టుతగాదాను, అన్నదమ్ముల భాగమును, పశువులు చేనుపడిన నష్టమును ఇరుపక్షముల సమ్మతితో సర్దిచెప్పుటను ఏ చట్టమును నిషేధింపదు. నేరము జరిగినచోట మాత్రము పెద్దమనుషులు తప్పు వేయుటకు, కట్టివేయుటకు, వెలివేయుటకు అధికారము లేదు. తమిళనాడులో కట్టపంచాయతీలని పిలువబడు ఇట్టి సభలు చట్టవిరుద్ధములని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పియున్నది. రాజీపడరాని నేరమును సొమ్ము తీసికొని కప్పిపుచ్చుట తీసికొన్నవానికిని, ఇచ్చినవానికిని నేరమే. స్త్రీపై అత్యాచారము జరిగినపుడు ఆమెకు వెలకట్టి ఊరుకొమ్మను సభలో కూర్చున్న ప్రతివారును ఈ విషయమును గుర్తుంచుకొనవలయును.

2009 అక్టోబరు 2 నుండి అమలులోనున్న గ్రామ న్యాయాలయముల చట్టము క్రింద న్యాయాధికారి గ్రామములకే వచ్చి రెండేండ్లకు మించని శిక్షగల నేరములను, ఇరువదివేల రూపాయలకు మించని దొంగతనములను విచారింపవచ్చును. అచ్చటను ప్లీ బార్గెయినింగ్ దరఖాస్తు పెట్టుకొనుటకు వీలున్నది. ఈ న్యాయాలయములు అన్ని ప్రాంతములలోను ఏర్పడలేదు.

సలహాకు వచ్చినవారిని సభ్యులు మొదట పంపవలసినది మండల న్యాయసేవా సంఘమునకు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ వకీలును ఉచితముగా ఇత్తురు. 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు. చార్జిషీటు నకలు, ఏ సెక్షన్లు పెట్టినారో వ్రాసిన కాగితము, చార్జి నిర్ణయించిన తేదీ వెంట తీసికొనిపోవలయును. ముప్పది దినముల గడువు ఆ తేదీనుండియే లెక్కింపబడును గనుక, ఆ కాగితమును చూడకుండ ఎవరును ఒప్పుకొమ్మనియు, వద్దనియు చెప్పరాదు.

జైలులో నున్నవాడు బయటికి వచ్చుటకై ఒప్పుకొనదలచినచో మరియొక విషయము కూడ చూడవలయును. పూర్వము ఏ నేరమునకును దోషిగా తేలియుండనివాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణఖైదీగా గడపినయెడల బాండుపై విడుదలకు అర్హుడని సంహిత 479వ సెక్షను చెప్పుచున్నది. ఇతరులకు సగము కాలము. మరణశిక్షకు, యావజ్జీవశిక్షకు గురికాదగిన నేరములకును, ఒకటికంటె ఎక్కువ కేసులు నడచుచున్నవారికిని ఇది వర్తింపదు. మూడేండ్ల శిక్షగల దొంగతనపు కేసులో ఈ లెక్కన సంవత్సరము గడపినవాడు నేరము ఒప్పుకొనకయే బయటికి రావచ్చును. అట్టివాని విషయమై కోర్టునకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఆయన చేయనిచో ఖైదీ బంధువులు న్యాయసేవా సంఘపు వకీలు ద్వారా కోర్టునకు తెలియజేయవచ్చును.